నాలుగున్నర చుక్కల కోటు

మధ్యాహ్నం భోజనాల వేళ మద్దిలపాలెంలోని మా చీరల కొట్లో బేరాలు పలచబడతాయి. ఆ కాసేపు నేను చీరల దొంతర వెనక్కి వెళ్లి, ఓనరు కంట పడకుండా ఫోను చూసుకుంటాను. ఆ రోజూ అలాగే తీశాను. తెర మీద పసుపు రంగు బాతు ఒకటి నవ్వుతోంది. గాలి ఊదే ప్లాస్టిక్ బాతు. దాని పక్కన చిన్నపిల్లల చేతులకు తొడిగే గాలి పట్టీలు, ఆ పక్కన ఈత కళ్లద్దాలు, రంగురంగుల బంతి. పైన ఇలా రాసి ఉంది: మీరు కొన్న వస్తువుతో పాటు అందరూ ఇవి కొంటున్నారు.

నేను కొన్నది ఒకే ఒక్క వస్తువు. మా నాన్నకి లైఫ్ జాకెట్టు.

ముందు నవ్వొచ్చింది. మా నాన్న యారాడలో ఫైబర్ బోటు మీద వేటకెళ్లే మనిషి. ఆయనకి బాతెందుకే తల్లీ అని ఫోనుని తిట్టుకున్నాను కూడా. అంతలో ఒకటి తట్టింది. ఈ ఫోను నన్ను మోసం చేస్తుందేమో గానీ, తెలివితక్కువది మాత్రం కాదు. ఎవరి చేతిలో ఏం పెడితే కొంటారో దానికి బాగా తెలుసు. ఆ కోటు కొన్న వాళ్లందరూ బాతులు కొంటున్నారంటే, వాళ్లంతా ఎవరు? ఆ కోటు దేనికి కొంటున్నారు?

ఆ పొద్దు తెల్లవారుజామునే నాన్న ఆ కోటు నమ్ముకుని సముద్రం మీదికి వెళ్లాడు. బయట చూస్తే ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది.

ఆ కోటు కథ చెప్పాలి. కిందటేడు బోటుని ఒడ్డు మీదికి లాగేటప్పుడు నాన్న ఎడమ భుజం కీలు తప్పింది. అప్పట్నుంచి ఆ చెయ్యి చెవి దాకా లేవదు. సముద్రంలో పుట్టి పెరిగిన మనిషైనా ఒంటి చేత్తో ఎంతసేపని ఈదగలడు? పాత లైఫ్ జాకెట్టుని ఎలుకలు కొట్టేశాయి. ఇన్నాళ్లూ నాన్నకి దిక్కల్లా ఒక పెద్ద ఖాళీ నూనె డబ్బా. మూత బిగించి, మెడకి నైలాన్ తాడు కట్టిన ప్లాస్టిక్ డబ్బా. నీళ్లలోకి దిగాల్సొస్తే ఆ తాడు నడుముకి కట్టుకుని దిగేవాడు. చూడ్డానికి వికారంగా ఉండేది. ఉద్యోగం చేస్తున్న కూతురు ఉండి కూడా తండ్రి నూనె డబ్బా పట్టుకుని తేలడమేంటని నాకు నామోషీ.

అందుకే ఫోన్లో వెతికాను. మొదట కనబడినది బొద్దుగా, మొద్దుగా, ఇటుకలు కుట్టినట్టుగా ఉంది. దాని కింద మెచ్చుకున్న వాళ్లు నలుగురైదుగురు. వాళ్లు కూడా ఏదో సర్టిఫికెట్టు గురించి రాశారు తప్ప మరో ముక్క లేదు. ఇంకా కిందికి జరిపితే, ఇది చూసినవాళ్లు ఇవి కూడా కొన్నారు అంటూ ఓ వరస వచ్చింది. ఆ వరసలో మొదటిదే ఈ కోటు. సన్నగా, నారింజ రంగులో, పెళ్లికొడుకు కోటులా నిగనిగలాడుతోంది. నాలుగున్నర నక్షత్రాలు. ఎక్కువ మంది కొన్నది అని మూలన ఎర్ర చీటీ. కింద పొగడ్తలే పొగడ్తలు. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉందని ఒకరు, డెలివరీ తొందరగా వచ్చిందని ఒకరు, మా ఆయన వేసుకుంటే హీరోలా ఉన్నాడని ఒకావిడ.

నేనెవరిని? పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఈ రంగు ఇప్పుడందరూ తీసుకుంటున్నారమ్మా" అని అబద్ధాలాడి చీరలమ్మే దాన్ని. అమ్ముడుపోని సరుకు ఉంటే ముందు ఆ మాటే అనమని మా ఓనరు మొదటి రోజే నేర్పాడు. అలాంటి నేను, ఫోను నా మంత్రం నామీదే వేస్తే, గొర్రెదాటున పడిపోయాను. అంతమందికి నచ్చిందంటే ఉత్తినే నచ్చుతుందా అనుకున్నాను.

నాన్నకి ఫోను చూపిస్తే ఆ నక్షత్రాలేంటని అడిగాడు. కొన్నవాళ్లు వేసిన మార్కులని చెప్పాను.

"నాలుగున్నర సుక్కలేటే? మా తాత ఒక్క సుక్క సూసుకుని ఒడ్డు పట్టీసీవోడు. దీనికి అన్నున్నాయి గదా, మరింక తిరుగులేదు," అని నవ్వాడు.

పార్సిలొచ్చిన రోజు దాన్ని విప్పి నాన్నకి తొడగబోయాను. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, ఒద్దే! నీట్లో పడినప్పుడు ఏసుకునీది నేల మీద ఏసుకుంతారేటి? పడతాను రమ్మని గంగమ్మ తల్లిని పిలిసినట్టు కాదా?"

అమ్మ పుట్టింటి వైపు అది పట్టింపు. బోటు కోసం తెచ్చిన కొత్త వస్తువుకి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి నేరుగా బోటులో పెట్టాలి. ప్రాణం కాపాడే వస్తువైతే ఒడ్డున తొడుక్కుని చూడకూడదు, నీళ్లలో ముంచి పరీక్ష పెట్టకూడదు. నాన్న సరేనని కొబ్బరికాయ తెచ్చాడు. ఆ కోటు కవరులోంచి పూర్తిగా బయటికి రాకుండానే, రెండు పసుపు చారలతో బోటెక్కింది.

చీరల వెనక నిలబడి ఆ రోజు మళ్లీ ఆ పేజీ తెరిచాను. ఈసారి పొగడ్తలు దాటి కిందికి, ఇంకా కిందికి వెళ్లాను. ఎవరూ వెళ్లని అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. ఈత కొలనులో, పెద్దల పర్యవేక్షణలో వాడవలెను. ప్రాణరక్షణ సాధనము కాదు.

మళ్లీ చదివాను. అక్షరాలు మారలేదు. ఆ పొగడ్తలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రంగు బాగుంది. డెలివరీ బాగుంది. హీరోలా ఉన్నాడు. సముద్రంలో పడ్డాను, ఇది నన్ను తేల్చింది అన్నవాడు అందులో ఒక్కడూ లేడు. తేల్చలేదని రాసేవాడూ ఉండడు. మునిగిపోయినవాడు వచ్చి నక్షత్రాలు తగ్గించడు కదా!

నాన్న ఫోను ఇంట్లోనే పెట్టి వెళతాడు. మావయ్యకి చేశాను. మావయ్యంటే అమ్మ తమ్ముడు, నాన్నతో బోటు మీద వెళ్లేది అతనొక్కడే. అందుబాటులో లేదంది. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఓనరుతో మా నాన్నకి బాగోలేదని చెప్పాను. చెప్పాక ఆ మాట ఎందుకన్నానా అని భయపడి, బాగానే ఉన్నాడు గానీ వెళ్లాలని దిద్దాను. ఓనరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లమన్నాడు.

బస్సు కాంప్లెక్సులో యారాడ బస్సెక్కేసరికి వాన మొదలైంది. సింధియా కూడలి దాటే దాకా బస్సు నత్తలా నడిచింది. కొండెక్కి అవతలికి దిగేటప్పుడు రోజూ సముద్రం కనబడుతుంది. ఆ రోజు సముద్రానికీ ఆకాశానికీ తేడా లేదు, అంతా బూడిద. ఎక్కడా బోటన్నది ఆనవాలు లేదు. పక్క సీటు ఆవిడ "గాలి ఎక్కువైపోతంది" అంది. నేను ఆవిణ్ణి కొట్టేదాన్నే.

ఒక్కటే తలచుకుని ధైర్యం తెచ్చుకున్నాను. బోటులో నూనె డబ్బా ఉంది. కోటు బాతులాంటిదే కావచ్చు, డబ్బా మాత్రం డబ్బాయే. అది నాన్నని ఎన్నోసార్లు తేల్చింది. ఇల్లు చేరేదాకా ఆ డబ్బానే దేవుడిలా తలచుకున్నాను.

గుమ్మంలో అమ్మ వాన నీళ్లు పడుతోంది. ఆమె చేతిలో ఉన్నది చూసి వాకిట్లోనే ఆగాను. నూనె డబ్బా. నడిమికి కోసిన సగం డబ్బా.

"ఏటే ఇంత బేగి వొచ్చీసినావు?" అంది అమ్మ.

"అదేటమ్మా నీ సేతిలో?"

"డబ్బాయే. మీ నాన ఇంకెందుకది, కోటుంది గదా అని ఇంట్లో పడీసినాడు. ఐసు తెచ్చుకోడానికి పనికొత్తాదని కోసీసినాను. బాగుంది కదేటి?"

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదేనేమో. నేను కొన్న కోటు నాన్నకి ఇచ్చింది ఏమీ లేదు. పైగా ఉన్న ఒక్క డబ్బానీ లాక్కుంది. నోరు తెరిచి చెప్పేద్దామనుకున్నాను. అమ్మ నా ముఖం చూసి, విషయం తెలియకుండానే, చెయ్యెత్తి ఆపింది.

"ఏటయినా గానీ, ఇప్పుడు సెప్పకు. బోటు నీట్లో ఉంది. సెడ్డ మాట ఒడ్డు మీద ఒదలకూడదు."

అదీ మా ఇంటి పట్టింపే. మనుషులు సముద్రం మీద ఉన్నంతసేపూ ఆడవాళ్లు ఏడవకూడదు, ఎప్పుడొస్తారని అడగకూడదు, భయం పైకి అనకూడదు. నేను డిగ్రీ చదివాను, కొట్లో కంప్యూటరు మీద బిల్లు కొడతాను, ఇవన్నీ చాదస్తాలని వందసార్లు అన్నాను. ఆ సాయంత్రం మాత్రం ఒక్క ముక్క బయటికి రానివ్వలేదు. ఏమో, నిజమైతే?

ఒడ్డుకెళ్లాం. అమ్మ సగం డబ్బా కూడా తెచ్చింది, చేపలు పట్టుకెళ్లడానికి. అలలు మనిషెత్తున లేచి ఇసుక మీద విరుగుతున్నాయి. ఒక బోటొచ్చింది, మాది కాదు. ఇంకోటి వచ్చింది, అదీ కాదు. మూడో దాన్ని లాగుతున్న మనుషుల దగ్గరికి అమ్మ వెళ్లలేదు. నేనే వెళ్లాను.

"మావోళ్లేరి బాబూ?"

"ఎనకాలున్నారమ్మా. ఫ్యానుకి వల సుట్టీసుకున్నాదనుకుంత. మీ మావ కత్తి తీత్తంటే సూసినాను. మాకూ గాలి ఎక్కువై ఆగలేకపోయినాం."

వెనక్కి వచ్చి అమ్మతో "వస్తన్నారంట" అన్నాను. అంతకు మించి నావల్ల కాలేదు.

ఇంజను ఫ్యానుకి వల చుట్టుకుంటే ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి కోయాలి. భుజం చెడక ముందు అది నాన్న పని. చెడ్డాక మావయ్యది. అయితే ఇప్పుడు నాన్నకి కోటుంది. నాలుగున్నర చుక్కల కోటు. డబ్బా లేదు. ఎడమ చెయ్యి లేవదు. ఆ అలల్లో ఆయన బోటు అంచు మీద కాలు వేసి, మరేం పరవాలేదు నాకు కోటుందిగా అంటున్నట్టు కళ్లకి కట్టింది. ఆ మాట అనకు నాన్నా, అనకు నాన్నా అని లోపల అరిచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తనకి ఏమీ తెలియకుండానే పట్టుకుంది.

వెలుగు సన్నగిల్లే ముందు మా బోటు ఒక చుక్కలా కనబడింది. అలలు దాన్ని ఎత్తుతున్నాయి, మింగుతున్నాయి. ఎత్తినప్పుడల్లా తలకాయలు లెక్కపెట్టాను. ఒకటే. మళ్లీ ఒకటే. అమ్మా అని కేక నోటి దాకా వచ్చింది. ఈసారి అల ఎత్తినప్పుడు వెనక ఇంజను దగ్గర నారింజ రంగు కనబడింది. రెండు తలలు. నేను నీళ్ల అంచుకి పరుగెత్తాను.

బోటు ఒడ్డు తగిలీ తగలగానే నాన్న దిగాడు. పళ్లు టకటకలాడుతున్నాయి, అయినా ముఖం నిండా నవ్వే.

"ఏటే ఇలగున్నావు? నీ కోటు బంగారమే! సలి ఎయ్యలేదు. ఫ్యానుకి వల పడితే నానే దిగీద్దామనుకున్నాను. కోటుంది గదా, భయమేటి? మీ మావ పడనిస్తేనా! అప్పుడు కోటు నీకిత్తాను నువ్వే దిగు అన్నాను."

"ఇచ్చినాడు," అన్నాడు మావయ్య చొక్కా పిండుకుంటూ. "ఎక్కడ, నా సాతీకి కొక్కేలు పట్టనేదు. పట్టక బావకే ఇసిరీసి, నడుంకి తాడు కట్టుకుని దిగినాను. బావ పైనించి తాడు పట్టుకున్నాడు."

మావయ్య ఛాతీ పెద్దది. అందుకే ఆ రోజు ఇద్దరూ వెనక్కొచ్చారు. ఇంకే కారణమూ లేదు.

నాన్న ఒంటి మీంచి కోటు లాగాను. రాలేదు. కొక్కేలు విప్పి మళ్లీ లాగితే పిల్లవాడంత బరువుగా నా చేతుల్లో పడింది. పిండితే ధారలా నీళ్లు. వాన నీళ్లకే అంత తాగింది. లోపలున్నది పరుపు దూదిలాంటి స్పాంజి. అమ్మ చేతిలోని సగం డబ్బాలో సముద్రం నీళ్లు పట్టి, అందులో కోటు వేశాను. కాసేపు అలా ఉండి, బుడగలు వదులుతూ మెల్లగా అడుక్కి పోయింది. అడుగున పడుకుంది. బోటు ఒడ్డెక్కింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు. నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

అమ్మ తన చేత్తో కోసిన డబ్బా అంచుని తడుముతూ ఉండిపోయింది. మావయ్య "ఓరి నాయనో" అన్నాడు. నాన్న నవ్వు మాత్రం ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. ఆ తర్వాత ఆయన ఊరి వైపు తిరిగాడు.

"తమ్ముడు," అన్నాడు. "ఆడికీ ఇదే కొనమని సెప్పినాను. నిన్న వొచ్చింది ఆడికి."

చిన్నాన్న ఉండేది పట్నం అవతల, పెదజాలరిపేటలో. తెల్లారితే వేట. ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చిన్నాన్నా, ఆ కోటు ఏసుకోకు. అది తేలదు, మునిగిపోతంది. పిల్లలు ఆడుకునీది అది."

"ఏటమ్మా నువ్వే అలగంతన్నావు! దానికి నాలుగున్నర సుక్కలున్నాయి కదా? అందరూ అదే కొంతన్నారు. మా పేటలో ఇంకో నలుగురు ఆర్డరు పెట్టీసినారు. మీ నానే బాగుందన్నాడు, మరి బాగున్నట్టే కదేటి?"

అంతమందికి నచ్చిందంటే ఉత్తినే నచ్చుతుందా. నేను అనుకున్నదే, మాటలు మారాయి అంతే. నాన్న ఫోను లాక్కున్నాడు.

"ఒరే, నానే సెప్తన్నాను. బాగోలేదురా. నాను సెప్పింది తప్పు. డబ్బాలు ఉంచుకో."

"డబ్బాలేవన్నా? సోటు సాలక నిన్ననే పారీసినాను. సరేలే, రేపు ఏటనుంచి వొచ్చినాక సూద్దాం," అని పెట్టేశాడు.

వేట నుంచి వచ్చాక. నాన్న ఆ మాట పైకే అన్నాడు. తడి లుంగీ మార్చుకోమని అమ్మ వెంటబడుతున్నా వినకుండా, డబ్బాలోంచి కోటు తీసి చంకలో పెట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచాడు. నేనూ వెనకే పరుగెత్తాను.

బస్సులో నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు సీటు మీంచి కారి, కాళ్ల కింద మడుగు కట్టి, ముందు సీట్ల దాకా పాకాయి. కండక్టరు వచ్చి కేకలేశాడు.

"ఏటి తాతా అది? పిండీసి ఎక్కొద్దా? బస్సంతా తడిపీసినావు."

అలవాటు కొద్దీ నేను కిటికీలోంచి పిండుదామని కోటుకి చెయ్యి వేశాను. నాన్న మంచి చెయ్యి నా చేతి మీద పడి గట్టిగా ఆపింది.

"ఒద్దు. ఆడి సేతిలో పెట్టీదాకా దీంట్లో నీరు ఉండాల," అన్నాడు.